తలుపు తీసే కుర్రాడికి చప్పట్లు

మా తెలుగు ఫెలోషిప్‌లో సాక్ష్యం చెప్పడానికి అందరికీ కావలసినంత సమయం ఉంటుంది. నాకు మాత్రం రెండే నిమిషాలు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. నేను లేచి నిలబడగానే పాస్టర్ గారు గోడ గడియారం వంక చూస్తారు, మా ఆవిడ నా కోటు అంచు పట్టుకుంటుంది. మాట దారి తప్పిందంటే ఆ అంచు కిందికి లాగుతుంది. ఇప్పటికి రెండు కోట్లకు కుట్లు ఊడాయి.

వారమంతా దేవుడు చేసిన మేలు ఏమిటో ఆదివారం నాడు పదిమందిలో లేచి చెప్పుకోవడమే సాక్ష్యం. చీరాల, బాపట్ల వైపు చర్చిల్లో పుట్టి పెరిగిన మాకు అది అన్నం కలుపుకున్నంత మామూలు సంగతి. కెనడాలో ఈ సార్నియా ఊరు వచ్చినా వదల్లేదు. ఇక్కడి ఇంగ్లిష్ చర్చివాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తమ బేస్‌మెంట్ మాకు ఇస్తారు. పాటలు, వాక్యం, సాక్ష్యాలు, ఆ తర్వాత ప్రేమ విందు. కాలేజీకి వచ్చిన మన పిల్లలు ఎక్కువగా ఆ చివరి అంశానికే వస్తారు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

నా చిక్కల్లా ఒక్కటే. నా సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ కాస్త పెరుగుతుంది. ఒక చలికాలం నా కారు మంచులో జారి రోడ్డు పక్క కాలవలోకి దిగింది. మొదటిసారి చెప్పినప్పుడు ఒక రైతు ట్రాక్టర్‌తో లాగాడు. రెండోసారికి ఆ రైతుకి కళ్ళు సరిగా కనిపించని వయసు వచ్చింది. మూడోసారికి రైతూ ట్రాక్టరూ పోయి, గుర్రమంత ఎత్తుండే ఉత్తరాది దుప్పులు ఒక జత వచ్చి కొమ్ములతో లేపాయి. "బ్రదర్, వచ్చేవారం ఇది చెప్పకండి, వాటికి రెక్కలొస్తాయి" అన్నారు పాస్టర్ గారు.

ఆ కుర్రాడు మా ఇంటికి రావడానికి కూడా నా నోరే కారణం.

నేను ఇక్కడి కెమికల్ ప్లాంటులో మీటర్లు, వాల్వులు చూసే పని చేస్తాను. చలికాలం మొదలైతే లంచ్‌రూములో హాకీ, అదీ ఐసు మీద ఆడే హాకీ తప్ప వేరే మాట ఉండదు. ఐసు అంటే సోడాలో వేసేదని మాత్రమే తెలిసిన నేను ఎన్నాళ్ళని తలూపుతాను? ఒకరోజు చెప్పేశాను. మా సముద్రపు ఒడ్డున మైళ్ళ కొద్దీ ఉప్పు మడులు ఉంటాయనీ, వేసవి సాయంకాలాలు ఆ తెల్లటి ఉప్పు మీదే మేం హాకీ ఆడేవాళ్ళమనీ, బంతి కూడా తెల్లనిదే కాబట్టి కంటికి కనిపించదనీ, అందుకని చెవులు బాగా పనిచేసేవాణ్ణి గోల్‌లో నిలబెడతారనీ, ఆ చెవులు నావేననీ. ఇందులో నిజం లేకపోలేదు. ఉప్పు మడులు నిజం. కాలేజీలో ఒకే ఒక్క మ్యాచ్‌కి నేను గోల్‌లో నిలబడ్డదీ నిజం, అసలువాడికి ఆటలమ్మ పోసింది కనుక. ఎన్ని గోల్స్ వెళ్ళాయన్నది మా ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు.

లంచ్‌రూములో నా ఎదురుగా కూర్చునే షిఫ్టు లీడు, ఎద్దుమెడ మనిషి, డ్యూటీ అయ్యాక ఊరి జూనియర్ హాకీ జట్టుకి ఊరికే సేవ చేసేవాడు. నా కథ నమ్మాడో లేదో నాకు తెలియదు. ఈ దేశంవాళ్ళు మర్యాదస్తులు, అబద్ధాన్ని మొహం మీద అబద్ధం అనరు. వేసవి చివర వచ్చి ఒక మాట అడిగాడు. జూనియర్ జట్టులో అంతా ఇరవై ఏళ్ళలోపు కుర్రాళ్ళు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వస్తారు. సీజన్ అయ్యేదాకా ఊళ్ళో ఎవరో ఒకరి ఇంట్లో సొంత పిల్లల్లా ఉంటారు. అది ఇక్కడి ఆనవాయితీ. ఈ ఏడు ఒకడికి ఇల్లు దొరకలేదట. గోల్ కాసేవాణ్ణి ఇక్కడ గోలీ అంటారు. "నువ్వు గోలీవి కదా, మా గోలీని నువ్వే ఉంచుకో" అన్నాడు.

మా అమ్మాయికి కిచెనర్ అనే ఊళ్ళో ఉద్యోగమై గది ఖాళీగానే ఉంది. మా ఆవిడ మొత్తం విని, "అయితే ఆ ఉప్పులోకి ఇప్పుడు నన్ను కూడా దింపారన్నమాట" అని, దుప్పట్లు ఉతకడానికి వెళ్ళింది.

వచ్చినవాడు గుమ్మం పట్టనంత పొడుగు. ఉత్తరాన గనులున్న ఊరు వాడిది. సిగ్గుపడితే ముందు చెవులు ఎర్రబడేవి, తర్వాత మెడ. వాడి ఆట సామాను సంచి దూడంత ఉండేది. దాని వాసన గురించి నేను చెప్పను. చెత్తడబ్బాలు వెతుక్కు తినే రకూన్ అనే జంతువొకటి మా గరాజులోకి దూరి, ఒక్క క్షణం ఆగి, వచ్చిన దారినే మర్యాదగా వెళ్ళిపోయిందని మాత్రం చెబుతాను. మమ్మల్ని అంకుల్, ఆంటీ అనడం రెండో రోజుకే వచ్చింది. మొదట నేర్చుకున్న తెలుగు మాట "చాలు". ఆ మాట మా ఇంట్లో పనిచేయదన్నది తర్వాత నేర్చుకున్నాడు.

వాడి సంగతి గిన్నెలు తుడుస్తూ చెప్పాడు. జూనియర్లో వాడికిదే ఆఖరి సీజన్, వయసు దాటిపోతోంది. ఏదైనా యూనివర్సిటీ జట్టు వాడి ఆట చూసి రమ్మంటే చదువూ ఆటా రెండూ ఉంటాయి. లేదంటే వాళ్ళ నాన్న దిగే గనే, వాళ్ళ నాన్న షిఫ్టే. గని చెడ్డదేమీ కాదన్నాడు, తనకి వేరేది కావాలంతే అన్నాడు. అయితే జట్టుకి గోలీలు ఇద్దరు. మొదటివాడు బాగా ఆడతాడు, కోచ్‌కి వాడి మీదే గురి. మనవాడు రెండోవాడు. ఐసు చుట్టూ ఎత్తైన చెక్క అడ్డు ఉంటుంది, దాని వెనక జట్టు కూర్చునే బెంచీ, ఆ బెంచీ చివర చిన్న తలుపు. ఆడేవాళ్ళు నిమిషానికోసారి మారుతుంటారు. వాళ్ళు లోపలికి వచ్చేటప్పుడు తీయడం, వెళ్ళగానే వేయడం రెండో గోలీ పని.

"తలుపు తీసేవాణ్ణి చూడటానికి ఏ యూనివర్సిటీ వాళ్ళూ రారు, అంకుల్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తున్నాడు.

నేను తప్పు చేసింది నవంబరులో. ఆ వారం తనకు అవకాశం రావచ్చని వాడు అన్నాడు. రావచ్చు అనే అన్నాడు. మా దగ్గర ఇంకో అలవాటు ఉంది. జరగబోయే మేలుకి ముందుగానే స్తోత్రం చెల్లించేస్తాం, అది విశ్వాసం. ఆదివారం నేను సాక్ష్యానికి లేచాను. రెండు నిమిషాలు కావస్తున్నాయి, కోటు అంచు బిగుస్తోంది, చెప్పిందేమో చప్పగా ఉంది. "ఈ శుక్రవారం మా అబ్బాయి గోల్‌లో నిలబడుతున్నాడు" అనేశాను. బేస్‌మెంట్ అంతా ఆమెన్ అంది. ముందు వరసలో ఆడవాళ్ళు చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. ఆపడం ఇక నా చేతిలో లేదు.

మావాళ్ళు ప్రార్థించినదాన్ని కళ్ళారా చూడకుండా వదలరు. శుక్రవారం సాయంత్రం ఫెలోషిప్ ఫెలోషిప్పే రింకు అనే ఆ ఐసు మైదానానికి దిగింది. కాలేజీ పిల్లలు ఒక్కో కారులో పట్టినంతమంది ఇరుక్కుని వచ్చారు. మిగతావాళ్ళు కంబళ్ళు, మంకీ క్యాపులు, పులిహోర క్యారియర్లతో వచ్చారు. కూతురి పురిటికి వచ్చి వీసా ఉన్నన్నాళ్ళూ ఉండిపోయిన ఒక మామ్మగారు కూడా వచ్చింది. ఆవిడ ముందు వరసలో శాలువా బిగించి కూర్చుంది.

ఆట మొదలైంది. గోల్‌లో నిలబడ్డవాడు మొదటి గోలీ. మనవాడు బెంచీ చివర తలుపు దగ్గర ఉన్నాడు.

అందరూ నా వంక తిరిగారు. మామ్మగారు అడిగింది.

"మన బాబు ఏడి నాయనా?"

చూపించాను.

"అక్కడేం చేస్తున్నాడు?"

ఊరికే కూర్చున్నాడు, ఈవేళ వాడి వంతు రాలేదు అంటే సరిపోయేది. నా నోటికి అంత చిన్న మాట రాదు. "ఆ తలుపు వాడి చేతిలో పెట్టారు మామ్మగారూ. అది అందరికీ ఇచ్చే పని కాదు. రెప్పపాటు ఆలస్యమైతే లోపలివాడు లోపల, బయటివాడు బయట. జట్టంతా కుదేలు. ఆటంతా ఆ తలుపులోనే ఉంది" అన్నాను.

వెనక నుంచి ఒక కాలేజీ కుర్రాడు నా చెవిలో, "అంకుల్, బ్యాకప్ గోలీని ఇలా బిల్డప్ చేయడం మీకే చెల్లింది" అన్నాడు.

మామ్మగారు తలూపింది. మళ్ళీ తలుపు తెరుచుకోగానే చప్పట్లు కొట్టింది. పక్కన ఉన్న ఆడవాళ్ళు కొట్టారు. మా వరసంతా కొట్టింది. కాలేజీ పిల్లలకు అసలు సంగతి తెలుసు. అందుకే ఇంకా గట్టిగా కొట్టారు. ఆటకి మూడు పీరియడ్లు. రెండో పీరియడ్‌కి ఎదురు గ్యాలరీలో కెనడావాళ్ళు అందుకున్నారు. మూడో పీరియడ్‌కి తలుపు తెరిచినప్పుడల్లా రింకు కప్పు అదిరింది. మనవాళ్ళు గోల్ కొట్టినప్పుడు కూడా అంత మోత రాలేదు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. చూసినవాళ్ళు సార్నియాలో ఇంకా ఉన్నారు, అడగవచ్చు.

వాడి చెవులు, మెడ ఎర్రబడటం నాకు పైనుంచే కనిపించింది. అయినా తలుపు తీస్తూనే ఉన్నాడు, వేస్తూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున గుడ్ల పళ్ళెం ముందు కూర్చుని, ముట్టుకోకుండా అన్నాడు.

"అంకుల్, నిన్న ఊరంతా నన్ను చూసి నవ్వింది."

నవ్వలేదురా, చప్పట్లు కొట్టారు అన్నాను.

"తలుపుకి" అన్నాడు.

నిన్న ఒక యూనివర్సిటీ కోచ్ వచ్చాడట, మొదటి గోలీని చూడటానికి. మనవాడి గురించి ఆయన చూసిందల్లా అదే. ఆ మాట చెప్పి, పళ్ళెం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు పళ్ళెం గదిలోకే వెళ్ళింది. మా ఇంట్లో బల్ల దగ్గర ఇద్దరమే అయ్యాం.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. రోటీ మీద నెయ్యి రాస్తూ, "మీ కథలో మీరుంటే మీ ఇష్టం. పరాయి పిల్లాణ్ణి తెచ్చి కథలో పెడితే, దాన్ని మోసేది వాడు" అంది. ఆ నెయ్యి రోటీ వాడి గదికి వెళ్ళింది. నాకు వచ్చింది మామూలుది.

ఆ తర్వాతి ఆదివారం నేను లేచి నా రెండు నిమిషాల్లో అసలు సంగతి చెప్పాను, ఇకమీదట తలుపుకి చప్పట్లు వద్దని బతిమాలాను. అందరూ విన్నారు, ఎవరూ నమ్మలేదు. నిజం చెబుతున్నప్పుడు నా గొంతు సరిగా పలకదని తర్వాత తెలిసింది. పైగా పాస్టర్ గారికి తలుపు మీద ప్రసంగం దొరికింది, మూడు వారాలు లాగారు. ఊరు కూడా ఆ సరదాని వదల్లేదు. క్రిస్మస్ దాటినా ప్రతి మ్యాచ్‌లో తలుపుకి చప్పట్లే. వాడు రాతిమొహం పెట్టుకుని తీసేవాడు, వేసేవాడు.

ఫిబ్రవరిలో జట్టు బస్సులో ఫ్లూ పాకింది. మొదటి గోలీ మంచం పట్టాడు. అంతకు ముందు ఓసారి వాడికి మోకాలు నొప్పి వచ్చినప్పుడు కోచ్ ఇంకో ఊరి నుంచి గోలీని అరువు తెచ్చుకున్నాడు, మనవాణ్ణి దింపలేదు. ఈసారి కూడా ఫోన్ అందుకున్నాడట. అంతలో టికెట్ కిటికీ దగ్గర నిలబడ్డ ముసలివాళ్ళు, ఈవేళైనా ఆ తలుపు కుర్రాణ్ణి ఆడిస్తున్నారా అని అడిగారట, అది విని ఫోన్ పెట్టేశాడట. ఇది మా షిఫ్టు లీడు చెప్పిన మాట. నమ్మమని నేనెవరినీ ఒత్తిడి చేయను. ఆ శుక్రవారం వాడు గోల్‌లోకి దిగాడన్నది మాత్రం ఖాయం.

మావాళ్ళంతా వచ్చారు. మామ్మగారు కూర్చుని, తలుపు వైపు చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది. అక్కడ కొత్త పిల్లాడొకడు ఉన్నాడు.

"మన బాబుకి ఆ పని కూడా పోయిందా నాయనా?"

నా నాలుక చివర ఒక మంచి కథ సిద్ధంగా ఉంది. దాన్ని మింగేశాను. "లేదు మామ్మగారూ. అదుగో, గోల్ ముందు మాస్కు పెట్టుకున్నవాడే మన బాబు."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు చెబితే నేనెలా నమ్ముతాను?"

మా ఆవిడ అటువైపు నుంచి వంగి, "వాడే మామ్మగారూ" అంది. అప్పుడు నమ్మింది.

ఈ హాకీలో బంతి ఉండదు, నల్ల రబ్బరు బిళ్ళతో ఆడతారు. మొదటి బిళ్ళ వాడి కాళ్ళ మధ్య నుంచి దూరిపోయింది. మేం క్యారియర్ మూత తీసేలోగా రెండోది. రింకు నిశ్శబ్దమైపోయింది. వాడు నీళ్ళ సీసా ఎత్తి, తాగకుండా పట్టుకుని, తల దించుకుని నిలబడ్డాడు. ఎప్పుడో ఆటలమ్మ పోసినవాడి బదులు గోల్‌లో నిలబడ్డ నాకు ఆ నిలబడటం తెలుసు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే వల మరీ పెద్దదిగా కనిపిస్తుంది. నేను పిలవలేను, పిలిచినా వినపడదు. మా ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన.

ఆ నిశ్శబ్దంలో ఆటగాళ్ళు మారే వేళైంది. కొత్త పిల్లాడు తలుపు తీశాడు. మామ్మగారు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టింది. ఒక్కతే, ఉన్ని గ్లౌజులు తొడిగిన చేతులతో. ఆ చప్పుడుకి ఎదురు గ్యాలరీలో ఎవరో బదులు కొట్టారు. క్షణంలో రింకంతా అందుకుంది. ఏం జరుగుతోందో తెలియని ఆ కొత్త పిల్లాడు భయపడి తలుపు వేయడం మర్చిపోయాడు.

మనవాడు తలెత్తాడు. తలుపు వైపు చూశాడు, మా వైపు చూశాడు. వాడి భుజాలు కదిలాయి.

"ఏడుస్తున్నాడా?" అన్నాను.

"నవ్వుతున్నాడు" అంది మా ఆవిడ. మాస్కు లోపల ఆవిడకెలా కనిపించిందో నాకు తెలియదు. కానీ ఆవిడ అబద్ధం చెప్పదు.

ఆ తర్వాత ఏదీ దూరలేదు. చేతికి దొరికినవి చేత్తో ఆపాడు. దొరకనివి మోకాలితో, భుజంతో. ఒకదాన్ని బోర్లా పడి, వెనక్కి లేపిన బూటు మడమతో ఆపాడు. నేను ఆ మడమ సంగతి ఎక్కడ చెప్పినా నవ్వుతారు, అది మాత్రం అచ్చంగా జరిగింది. మనవాళ్ళు మూడు కొట్టి గెలిచారు. ఇంటికొచ్చాక వాడు పళ్ళెం తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు, "చాలు" అన్నాడు, మా ఆవిడ ఇంకో గరిటె వేసింది.

మొదటి గోలీ తేరుకున్నాక ఇద్దరూ వంతులేసుకున్నారు. జట్టు ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివరి పోటీలకి చేరింది, మొదటి రౌండులోనే, ఆఖరి మ్యాచ్ అదనపు సమయంలో ఓడిపోయింది. ఆరోజు గోల్‌లో ఉన్నది మనవాడే. ఆ గోల్ ఏ గోలీ ఆపలేనిదని అందరూ అన్నారు. వాడు మాత్రం తను ఆపాల్సిందే అన్నాడు. అన్నం మానలేదు, గదిలోకి వెళ్ళలేదు. అంతకంటే మంచి కబురు నాకు అక్కర్లేదనిపించింది.

మంచు కరిగే రోజుల్లో ఫోన్ వచ్చింది. నవంబరులో వచ్చిన ఆ యూనివర్సిటీ కోచే. కిచెనర్ పక్కనే వాళ్ళ కాలేజీ. తీసుకుంటామన్నాడు, మూడో గోలీగా. అంటే మొదట్లో మళ్ళీ తలుపే. వాడు వంటింట్లోకి వచ్చి ఈ సంగతి చెబుతున్నప్పుడు చెవులు, మెడ, చేతులు కూడా ఎర్రగా ఉన్నాయి. మా ఆవిడ వెంటనే మా అమ్మాయికి ఫోన్ చేసి, సెప్టెంబరు నుంచి ఆదివారాలు ఇంకొకడికి కూడా వండాలని చెప్పింది.

మరి నిన్నెందుకు తీసుకుంటున్నాడట అని నేను అడిగాను. ఆ కోచ్ ఇలా అన్నాడట: నవంబరులో ఊరంతా నిన్ను చూసి గోల చేసింది, నువ్వు ఒక్కసారి కూడా తలుపు ఆలస్యంగా తీయలేదు, ఇలాంటివాడు బెదరడు అని అప్పుడే అనుకున్నాను. నిజంగా అన్నాడో లేదో నేను పూచీ పడలేను. అప్పటికి ఆ కుర్రాడు ఒక సీజన్ మొత్తం మా ఇంట్లో ఉన్నాడు.

వాడు వెళ్ళిపోయే ముందు ఆదివారం బేస్‌మెంట్‌కి వచ్చాడు. సాక్ష్యాలకు పిలవగానే పాస్టర్ గారు అలవాటుగా నా వైపు, తర్వాత గడియారం వైపు చూశారు. నేను లేవలేదు. నా పక్కవాడు లేచాడు. కప్పు తలకి తగలకుండా కాస్త వంగి, "వందనాలు" అన్నాడు తెలుగులో. అందరూ తిరిగి వందనాలు చెప్పారు. ఆ పైన ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు, కాలేజీ పిల్లాడొకడు మామ్మగారికి చెవిలో తెలుగు చేస్తున్నాడు.

మొదట బాగానే నడిచింది. ఆంటీ వంటకి, అందరి ప్రార్థనలకి, మామ్మగారి చప్పట్లకి కృతజ్ఞతలు చెప్పాడు. అక్కడ ఆగిపోతే సరిపోయేది. ఆ ఫిబ్రవరి మ్యాచ్‌లో రెండు కాదు, ఐదు గోల్స్ పడ్డాయన్నాడు. బూటు మడమతో ఆపింది ఒకటి కాదు, మూడన్నాడు. ఇంకోసారి వేరే ఊళ్ళో ఆడి తిరిగి వస్తుంటే జట్టు బస్సు మంచులో జారి కాలవలోకి దిగిందనీ, చుట్టూ మనిషి అలికిడి లేదనీ, అందరూ దేవుణ్ణి తలుచుకుంటుండగా చెట్ల మధ్య నుంచి ఒక జత దుప్పులు వచ్చాయనీ అన్నాడు.

పాస్టర్ గారు కళ్ళు మూసుకున్నారు. మా ఆవిడ నన్ను దాటి చెయ్యి చాపి, వాడి జాకెట్ అంచు పట్టుకుంది.